నీటి గుట్టు విప్పిన పీటర్ డిబై

పాలనూ నీళ్ళనూ వేరుచేయగల శక్తి హంసకు ఉందని మన పెద్దలు చెబుతూ వచ్చారు. ఆ హంసను మనం చూడలేదు గాని, దాని పని చేసే యంత్రాలు మాత్రం ఇప్పుడు మన చుట్టూ చాలానే ఉన్నాయి. చల్లపల్లి, ఘంటసాల, మోపిదేవి ప్రాంతాల్లో కోతలు, నూర్పిళ్ళు అయ్యాక ధాన్యం అమ్ముకోబోయే రైతు మొదట చూసేది కాటా ముల్లును కాదు, తేమ మీటరు మీద అంకెను. 17 శాతం లోపు చూపిస్తే గుండె కుదుటపడుతుంది. దాటిందంటే మళ్ళీ కళ్ళంలో ఎండబెట్టుకోవాలి, లేదా తరుగుకు ఒప్పుకోవాలి. ఏడాది కష్టమంతా ఆ చిన్న పెట్టె చెప్పే ఒక్క అంకె మీద ఆధారపడి ఉంటుందన్నమాట.

ఈ చిక్కు ధాన్యానికే పరిమితం కాదు. కృష్ణా, గోదావరి నదుల మధ్య భూగర్భంలో ఓ.ఎన్.జి.సి. వారు చమురూ వాయువూ కనుగొన్న సంగతి అందరికీ తెలిసిందే. కైకలూరు ప్రాంతంలోనూ, కోనసీమలోనూ బావులు తవ్వారు. తాటిపాకలో 2001లో చిన్న చమురు శుద్ధి కర్మాగారం కూడా వెలిసింది. అయితే బావిలోంచి వచ్చేది ఒట్టి చమురు కాదు. దానితో పాటు ఉప్పునీరు కూడా వస్తుంది. బావికి వయసు మీరేకొద్దీ ఆ నీటి పాలు పెరుగుతుంది. అమ్మేవాడు చమురు ధర అడుగుతాడు, కొనేవాడు నీళ్ళకు డబ్బివ్వనంటాడు. మరి గొట్టంలో పరుగెత్తే నల్లటి ద్రవంలో నీళ్ళెన్నో తేల్చేదెవరు?

ధాన్యం మీటర్లలో కొన్ని విద్యుత్ నిరోధాన్ని కొలుస్తాయి, కొన్ని కెపాసిటెన్స్‌ను కొలుస్తాయి. చమురు గొట్టాల్లో ఎక్కువగా వాడే మీటరు ఈ రెండో జాతికి చెందినది. నీటిని విద్యుత్తు ఇంత సులభంగా ఎలా పట్టుకొంటుంది? ఈ ప్రశ్నకు నిజమైన సమాధానం 1912లో దొరికింది. చెప్పినవాడు ఇరవై ఎనిమిదేళ్ళ డచ్చి యువకుడు, పేరు పీటర్ డిబై. సైన్సు విద్యార్థులకు డిబై ఉష్ణోగ్రత, డిబై–హుకెల్ సిద్ధాంతం, డిబై–షెరర్ పద్ధతి అనే మాటలు పరీక్షల పుణ్యమా అని నోటికి వచ్చే ఉంటాయి. ఆ పేరు వెనుక ఉన్న మనిషి కథ మాత్రం చాలామందికి తెలియదు. అది తెలుసుకోదగిన కథ.

బాల్యం – చదువు

హాలెండు దేశపు దక్షిణ కొసన మాస్ట్రిక్ట్ అనే పట్టణం ఉంది. అక్కడ 1884 మార్చి 24న డిబై జన్మించాడు. తండ్రి లోహ వస్తువుల కర్మాగారంలో ఫోర్‌మన్. తల్లి ఒక నాటకశాలలో టిక్కెట్ల డబ్బు చూసే ఉద్యోగం చేసేది. కలిగిన కుటుంబం కాదు. కుర్రవాడు చురుకైనవాడే గాని దూరదేశాలకు పంపి చదివించే స్తోమత ఇంట్లో లేదు. అందుచేత సరిహద్దు దాటితే ముప్ఫై కిలోమీటర్ల దూరంలోనే ఉన్న జర్మనీలోని ఆకెన్ సాంకేతిక కళాశాలలో 1901లో చేరాడు. ఫీజు తక్కువ, ఊరు దగ్గర. మహా మేధావుల జీవితాల్లో కూడా ఇటువంటి చిన్న లెక్కలే దారి చూపిస్తూ ఉంటాయి.

ఆయన చదివింది ఎలెక్ట్రికల్ ఇంజనీరింగు. 1905లో పట్టా పుచ్చుకొన్నాడు. ఆకెన్‌లో ఆర్నాల్డ్ సోమర్‌ఫెల్డ్ అనే గొప్ప గురువు ఉండేవాడు. ఆయన 1906లో మ్యూనిక్ వెళుతూ ఈ శిష్యుణ్ణి వెంటబెట్టుకొని పోయాడు. అక్కడే 1908లో డిబై డాక్టరేటు పొందాడు. తాను కనిపెట్టినవాటన్నిటిలోకి గొప్పది డిబైయేనని సోమర్‌ఫెల్డ్ చెప్పుకొనేవాడంటారు. ఒక గురువుకు అంతకు మించిన సంతృప్తి ఏముంటుంది!

1911లో ఐన్‌స్టీన్ జూరిక్ విశ్వవిద్యాలయం వదలి ప్రాగ్ వెళ్ళిపోయాడు. ఖాళీ అయిన ఆ కుర్చీలో కూర్చోబెట్టడానికి వారు ఎన్నుకొన్నది డిబైని. మరుసటి ఏడు ఆయన స్వదేశంలోని ఉట్రెక్ట్‌కు వెళ్ళాడు.

1912 – నీటి అణువు వంకర

అప్పటికి తెలిసిన సంగతి ఇది. రెండు లోహపు పలకల మధ్య గాలి బదులు వేరే పదార్థం పెడితే ఆ పలకలు ఎక్కువ విద్యుదావేశాన్ని పట్టి ఉంచుకొంటాయి. ఎన్ని రెట్లు ఎక్కువ అనేదే ఆ పదార్థపు డైఎలెక్ట్రిక్ స్థిరాంకం. ముడిచమురుకు అది సుమారు 2.2. నీటికి 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుమారు 80. ఎక్కడి రెండు, ఎక్కడి ఎనభై! ఇంత తేడా ఎందుకు? పైగా నీటిని వేడి చేస్తే ఈ విలువ తగ్గిపోతుంది. సున్నా డిగ్రీల దగ్గర సుమారు 88 ఉన్నది మరిగే వేళకు 55 దాకా దిగుతుంది. ఇదెందుకు?

డిబై చెప్పిన కారణం చాలా తేలిక. కొన్ని అణువుల్లో ధనావేశపు కేంద్రమూ, ఋణావేశపు కేంద్రమూ ఒకేచోట ఉండవు. అటువంటి అణువు చిన్న దిక్సూచి ముల్లు లాంటిది. విద్యుత్ క్షేత్రంలో పెడితే అది క్షేత్రం వైపు తిరగబోతుంది. వేడి మాత్రం దాన్ని కుదుటగా ఉండనివ్వదు, అటూ ఇటూ ఊపేస్తూ ఉంటుంది. తిరునాళ్ళలో తోపులాట పెరిగేకొద్దీ జనం వరుసలో నిలబడలేనట్లే, వేడి పెరిగేకొద్దీ అణువులు ఒక దిక్కుకు నిలవలేవు. అందుకే విలువ పడిపోతుంది. ఈ ఆలోచనను ఆయన ఒక సమీకరణంలో పెట్టాడు. అందులో రెండు భాగాలున్నాయి. ఒకటి ఉష్ణోగ్రతతో సంబంధం లేనిది, రెండోది పరమ ఉష్ణోగ్రతకు విలోమానుపాతంలో ఉండేది. ప్రయోగశాలలో వేర్వేరు ఉష్ణోగ్రతల దగ్గర కొలతలు తీసి గ్రాఫు గీస్తే, ఆ గీత వాలును బట్టి అణువు ద్విధ్రువ భ్రామకం తెలిసిపోతుంది.

దీని ఫలితం చూడండి. బొగ్గుపులుసు వాయువు అణువుకు ద్విధ్రువ భ్రామకం సున్నా. అంటే దానిలోని మూడు పరమాణువులూ ఒకే గీత మీద ఉన్నాయన్నమాట. నీటి అణువుకు మాత్రం 1.85 యూనిట్లు. కనుక అది తిన్నగా లేదు, వంగి ఉంది. ఎవరూ కంటితో చూడలేని అణువు ఆకారాన్ని కెపాసిటర్ కొలతలతో చెప్పగలిగారు. ఆ యూనిట్‌కు తర్వాత డిబై అనే పేరే పెట్టారు.

అదే ఏడు ఆయన ఘనపదార్థాల విశిష్టోష్ణం మీద ఐన్‌స్టీన్ సిద్ధాంతాన్ని సరిదిద్దాడు. అతి తక్కువ ఉష్ణోగ్రతల దగ్గర విశిష్టోష్ణం పరమ ఉష్ణోగ్రత ఘనానికి అనుపాతంలో ఉంటుందని చూపాడు. ఒక్క సంవత్సరంలో ఇన్ని పనులు చేసినవాళ్ళు చరిత్రలో తక్కువే.

ఊరూరా తిరిగిన ప్రొఫెసర్

1914లో గోటింగెన్, 1920లో మళ్ళీ జూరిక్, 1927లో లైప్‌జిగ్, ఆ తర్వాత బెర్లిన్. ఇలా ఆయన పెట్టే బేడా సర్దుకొని తిరుగుతూనే ఉన్నాడు. వెళ్ళిన ప్రతిచోటా ఒక కొత్త సంగతి పుట్టించాడు. గోటింగెన్‌లో షెరర్‌తో కలిసి, పెద్ద స్ఫటికం దొరకకపోయినా పొడి పదార్థం మీద ఎక్స్‌రేలు పంపి దాని నిర్మాణం తెలుసుకోవచ్చునని 1916లో చూపాడు. జూరిక్‌లో 1923లో ఎరిక్ హుకెల్‌తో కలిసి ఉప్పునీటిలో అయాన్లు ఒకదాన్నొకటి ఎలా ప్రభావితం చేస్తాయో లెక్కగట్టాడు.

జూరిక్ రోజుల్లో జరిగిన ఒక సంగతిని ఫెలిక్స్ బ్లాక్ గుర్తుచేసుకొన్నాడు. ఒక సమావేశంలో డిబై ప్రోద్బలం మీద ష్రోడింగర్ అనే సహోద్యోగి డి బ్రోలీ పదార్థ తరంగాల గురించి ఉపన్యసించాడు. అంతా విన్న డిబై, తరంగాల మాటెత్తినప్పుడు తరంగ సమీకరణం ఉండాలి కదా అనే అర్థంలో ఒక మాట అన్నాడట. కొద్ది వారాలకే ష్రోడింగర్ ఆ సమీకరణంతో తిరిగివచ్చాడు. సెమినార్లలో వెనక బెంచీలో కూర్చొని వాచీ చూసుకొనే మిత్రులు ఈ సంగతి గమనించవలసి ఉంది!

1932లో అమెరికాలో సియర్స్‌తో కలిసి ఆయన మరో చమత్కారం చేశాడు. ద్రవంలో అతిధ్వని తరంగాలు పుట్టిస్తే అవి కాంతిని గ్రేటింగులాగా చెదరగొడతాయని చూపాడు. దానికి సరైన సిద్ధాంతాన్ని 1935–36లో బెంగుళూరులో సి.వి. రామన్, నాగేంద్రనాథ్ ఇచ్చారు. రామన్ శిష్యుడైన సూరి భగవంతం గారు వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పని చేస్తూ ఈ అతిధ్వని పద్ధతులను స్ఫటికాల స్థితిస్థాపకత కొలవడానికి ఉపయోగించారు. భగవంతం గారు అప్పటి మన కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో పుట్టినవారు. ఉస్మానియా వైస్ ఛాన్సలర్‌గా, బెంగుళూరు సైన్సు ఇన్‌స్టిట్యూట్ డైరెక్టర్‌గా పనిచేసినవారు. చమురు విషయానికే వస్తే ఉయ్యూరులో 1899లో పుట్టి, అమెరికాలో చదివి, సోవియట్ యూనియన్‌లో కందెన నూనెల పరిశోధనలో పేరు గడించిన కొలచల సీతారామయ్య గారూ మనవారే. చల్లపల్లి నుంచి బెజవాడ వెళ్ళే బస్సు ఆ ఊరి మీదుగానే పోతుంది.

చమురులో నీళ్ళు

ఇప్పుడు డిబై సిద్ధాంతం పనిలోకి ఎలా దిగిందో చూద్దాం. చమురు గొట్టం మధ్యలో ఒక లోహపు కడ్డీ అమర్చారనుకోండి. కడ్డీ ఒక పలక, గొట్టం గోడ రెండో పలక. మధ్యలో పారే చమురులో చిన్న చిన్న నీటి బొట్లుంటే కెపాసిటెన్స్ పెరుగుతుంది. పొడి చమురు స్థిరాంకం 2.2 అయితే నూటికి ఒక పాలు నీరు కలిసినప్పుడు సుమారు 2.26 అవుతుంది. ఆ 0.06 తేడాయే మనకు నీటి సంగతి చెప్పేది.

చిక్కంతా ఇక్కడే ఉంది. చమురు రకం మారినా, సాంద్రత మారినా, 2.2 కాస్తా నీళ్ళు లేకుండానే 2.26 కావచ్చు. అప్పుడు మీటరు లేని నీటిని ఉన్నట్లు చూపిస్తుంది. ఉష్ణోగ్రత మారితే నీటి విలువా మారుతుంది, చమురు విలువా మారుతుంది. ఇక నీళ్ళు బాగా పెరిగాయంటే చమురులో నీటి బొట్లుండడం పోయి, నీటిలో చమురు బొట్లు తేలే స్థితి వస్తుంది. ఉప్పునీరు విద్యుత్తును పారనిస్తుంది కాబట్టి కెపాసిటెన్స్ మీటరుకు ఇక దారి తెలియదు. అక్కడ మైక్రోవేవ్ వంటి వేరే పద్ధతులు కావాలి. అతివేగంగా దిక్కు మారే క్షేత్రాన్ని నీటి అణువులు ఎంతవరకు అనుసరించగలవో చెప్పినది కూడా డిబైయే.

కనుక మీటరును కొనుక్కొచ్చి బిగిస్తే సరిపోదు. దాన్ని ప్రమాణంతో సరిచూడాలి. దీన్నే కాలిబ్రేషన్ అంటారు. ముందు అదే బావి చమురును నీళ్ళు లేకుండా చేసి మీటరుకు సున్నా పెట్టాలి. తర్వాత తెలిసినంత నీరు కలిపి అంకె సరిగా వస్తోందో లేదో చూడాలి. ఆపైన పని జరుగుతున్నప్పుడు గొట్టంలోంచి నమూనాలు తీసి ప్రయోగశాలలో నీటిని వేరుగా కొలిచి, ఆ నమూనా తీసిన క్షణంలో మీటరు చూపిన అంకెతోనూ, అప్పటి ఉష్ణోగ్రతతోనూ పోల్చాలి. ప్రయోగశాలలో మూడు పద్ధతులున్నాయి. ద్రావణితో కలిపి మరిగించి, ఆవిరై వచ్చిన నీటిని గీతలున్న గొట్టంలో పట్టడం ఒకటి. ఇది డీన్, స్టార్క్ 1920లో చూపిన మార్గం. గిర్రున తిప్పి నీటిని అడుగుకు చేర్చడం రెండోది. జర్మన్ రసాయన శాస్త్రవేత్త కార్ల్ ఫిషర్ 1935లో ప్రకటించిన అయొడిన్ టైట్రేషన్ మూడోది. అతి కొద్ది నీటిని కూడా ఇది పట్టేస్తుంది.

అన్నిటికంటె కష్టమైనది నమూనా తీయడం. పడుకోబెట్టిన గొట్టంలో నీళ్ళు అడుగున పారుతాయి, చమురు పైన పారుతుంది. పైనుంచి గరిటెడు తీస్తే నీళ్ళే లేవంటాం, కిందినుంచి తీస్తే అంతా నీళ్ళే అంటాం. అందుకని ముందు ద్రవాన్ని బాగా కలియబెట్టి, ప్రవాహానికి తగిన పాళ్ళలో కొంచెం కొంచెంగా, రోజంతా నమూనా తీస్తారు. ఒక్క బొట్టు చూసి గొట్టం అంతటికీ తీర్పు చెప్పరు.

ఇంత శ్రమ ఎందుకంటారా? రోజుకు పదివేల బారెళ్ళు పోయే గొట్టంలో అర శాతం పొరబాటు పడితే 50 బారెళ్ళు తేడా వస్తుంది. అంటే దాదాపు 8,000 లీటర్లు. రోజూ ఇంత చొప్పున ఏడాదికి ఎంతవుతుందో మీరే గుణించుకోండి. భూమి మీది బావుల నుంచి తీసిన చమురుకు రాష్ట్ర ప్రభుత్వానికి రాయల్టీ వస్తుంది కాబట్టి ఆ లెక్కలో మన వాటా కూడా ఉంది. ధాన్యం మీటరు సంగతీ ఇంతే. ధాన్యాన్ని ఓవెన్‌లో ఎండబెట్టి, ముందూ వెనుకా తూచి, ఆ తేడాతో మీటరును సరిచూడకపోతే నష్టపోయేది రైతో, కొనేవాడో తెలియకుండా పోతుంది.

బెర్లిన్ పరీక్ష

డిబై జీవితంలో అసలైన పరీక్ష ప్రయోగశాలలో జరగలేదు. 1930ల నడిమిలో ఆయన బెర్లిన్‌లో కైజర్ విల్‌హెల్మ్ భౌతికశాస్త్ర సంస్థకు డైరెక్టరయ్యాడు. దానికి మాక్స్ ప్లాంక్ పేరు పెట్టాడు. 1936లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. బయట మాత్రం హిట్లర్ పాలన. యూదు శాస్త్రవేత్తల ఉద్యోగాలు పోతున్నాయి, ప్రాణాలకే ముప్పు వస్తోంది.

1938 జూలైలో లీజె మైట్నర్ అనే యూదు శాస్త్రవేత్త జర్మనీ నుంచి రహస్యంగా తప్పించుకొని హాలెండు చేరింది. తర్వాత యురేనియం చీలికకు అర్థం చెప్పినవారిలో ఆమె ఒకరు. ఆమెను దాటించడానికి డచ్చి మిత్రులకూ ఆమెకూ మధ్య ఉత్తరాలు నడిపినవారిలో డిబై ముఖ్యుడు. పట్టుబడితే ఆయనకూ ప్రమాదమే.

అదే ఏడు డిసెంబరులో, జర్మన్ భౌతికశాస్త్ర సంఘానికి అధ్యక్షుడి హోదాలో, మిగిలి ఉన్న యూదు సభ్యులు రాజీనామా చేయాలని కోరుతూ వెళ్ళిన ఉత్తరం మీద సంతకం చేసినదీ ఈ డిబైయే. ఒక చేత్తో ఒకరిని కాపాడాడు, అదే చేత్తో అటువంటి కాగితం మీద సంతకం పెట్టాడు. రెండూ నిజమే.

1939లో యుద్ధం వచ్చింది. సంస్థను సైన్యం తీసుకొంది. జర్మన్ పౌరసత్వం పుచ్చుకొంటేనే డైరెక్టరుగా కొనసాగవచ్చునన్నారు. డిబై ఒప్పుకోలేదు, డచ్చి పౌరుడిగానే ఉంటానన్నాడు. 1940 ఆరంభంలో ఉపన్యాసాల నెపంతో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. అక్కడా అనుమానపు చూపులు తప్పలేదు. ఐన్‌స్టీన్ సైతం ఆయన రాకను శంకించాడు.

కార్నెల్‌లో పదేళ్ళు రసాయన శాస్త్ర శాఖాధిపతిగా ఉన్నాడు. యుద్ధకాలంలో కృత్రిమ రబ్బరు పరిశోధనలో పాల్గొన్నాడు. ద్రావణంలో చెదరే కాంతిని కొలిచి పాలిమర్ల అణుభారం కనుక్కొనే పద్ధతిని నిలబెట్టాడు. 1946లో అమెరికా పౌరుడయ్యాడు. 1952లో ఉద్యోగ విరమణ చేసినా పరిశోధన మానలేదు. తీరిక వేళల్లో గులాబీ తోట పెంచుకొన్నాడు. 1966 నవంబరు 2న ఇథాకాలో కన్నుమూశాడు.

చనిపోయిన నలభై ఏళ్ళకు ఆయన మీద మళ్ళీ విచారణ లేచింది. 2006లో ఒక డచ్చి గ్రంథం ఆ 1938 ఉత్తరాన్ని బయట చర్చకు పెట్టింది. ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయం తన డిబై సంస్థ నుంచి ఆయన పేరు తీసివేసింది. తర్వాత చరిత్రకారులు కాగితాలన్నీ తిరగేశారు, ఒక సంఘం నివేదిక ఇచ్చింది. ఆయన నాజీ పక్షపాతి అనడానికి ఆధారం చాలదని తేలి, 2008లో ఆ పేరును తిరిగి పెట్టుకొన్నారు.

మనం నేర్చుకోవలసింది

ఈ విషయంలో ఎవరి అభిప్రాయం వారిది. నాకు తోచింది మాత్రం చెబుతాను. మనిషిని అంచనా వేయడంలో కూడా నమూనా తీసే పద్ధతి ముఖ్యం. మైట్నర్ సంగతి ఒక్కటే చూస్తే డిబై మహాత్ముడు, ఉత్తరం ఒక్కటే చూస్తే దోషి. రెండు బొట్లూ ఒకే గొట్టంలోవే. ఏదీ పారబోయడానికి వీల్లేదు. గొప్ప శాస్త్రవేత్త కాబట్టి ఆ సంతకాన్ని మరచిపోదామనడమూ, ఆ సంతకం ఉంది కాబట్టి 1912 నాటి సమీకరణాన్ని కాదనడమూ రెండూ తప్పు కొలతలే.

విద్యార్థి మిత్రులారా! మనలో కొందరు రేపు కొలిచే ఉద్యోగాల్లోనే చేరతారు. చమురు బావి దగ్గరో, ధాన్యం కొనుగోలు కేంద్రంలోనో, ఆసుపత్రి లాబొరేటరీలోనో, మన చేతిలోని మీటరు చెప్పిన అంకె మీద ఒకరి కష్టార్జితం ఆధారపడి ఉంటుంది. ఆ మీటరును చివరిసారి ఎప్పుడు సరిచూశారో అడగడానికి మొహమాటపడకూడదు. పైవాడు సంతకం పెట్టమన్నప్పుడు ఆ కాగితంలో ఏముందో చదవకుండా పెట్టకూడదు. మొదటిది డిబై చేసిన శాస్త్రం నేర్పే పాఠం, రెండవది ఆయన బతికిన బతుకు నేర్పే పాఠం. చదువుకొన్నవాడికి రెండూ కావాలి.